గ్రైండర్ రేకు మీద రెండో అంకె

2012 ఆగస్టులో మేము డాలస్‌కి బయల్దేరినప్పుడు మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకి 23 కిలోలు. నా పెట్టెల్లో ఒకదాంట్లో సగం బరువు అమ్మ కొనిపెట్టిన టేబుల్ టాప్ గ్రైండరే తినేసింది. వద్దంటే వినలేదు. "మిక్సీలో తిప్పిన పిండితో ఇడ్లీలేంటే, రాళ్లలా వస్తాయి" అని పట్టుబట్టి, గుంటూరు పట్నంబజారులో రెండు లీటర్లది కొని, రాళ్లని పాత నేత చీరల్లో చుట్టి తనే సర్దింది. అక్కడ దిగి పెట్టె తెరిస్తే, తనిఖీ చేశామని చెప్పే కాగితం ముక్క ఒకటి, చీరలు సగం విప్పేసిన రాళ్లు. చీరల్లో పడుకోబెట్టిన గుండ్రాళ్లని చూసి వాళ్లేమనుకున్నారో ఇప్పటికీ నాకు కుతూహలమే.

గ్రైండర్‌తో పాటు ఒక అడాప్టర్ కూడా తెచ్చుకున్నాను. మన మూడు గుండ్రటి పిన్నులు అటువైపు దూరిస్తే, ఇటువైపు రెండు చప్పటి రేకులు వస్తాయి. అమెరికా కరెంటు వేరని తెలుసు, అందుకే అడాప్టర్ కొన్నాను, అంటే సమస్య తీరిపోయిందనుకున్నాను. అది మార్చేది పిన్నుల ఆకారాన్ని మాత్రమేనని, లోపల రెండు ఇత్తడి ముక్కలు తప్ప ఏమీ ఉండదని అప్పటికి నాకు తెలియదు. నేను డిగ్రీలో చదివింది కామర్స్.

శుక్రవారం రాత్రి మినప్పప్పు నానబోశాను. శనివారం పొద్దున పప్పు వేసి స్విచ్చి నొక్కితే "గుంయ్" అని ఒక మూలుగు. డ్రమ్ము వణుకుతోంది కానీ తిరగడం లేదు. చేత్తో తోస్తే బద్ధకంగా అర చుట్టు తిరిగి ఆగిపోయింది. ఇంకొంచెం తోద్దామనుకునేలోపు కాలిన వాసన మొదలైంది, మా ఆయన పరుగెత్తుకొచ్చి ప్లగ్గు లాగేశారు. ఆ రోజు పప్పు పక్కింటివాళ్ల బ్లెండర్‌లో తిప్పాం. ఇడ్లీలు అమ్మ చెప్పినట్టే వచ్చాయి.

మధ్యాహ్నం గ్రైండర్ తిరగేసి చూస్తే అడుగున చిన్న రేకు. 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 150 వాట్లు. గోడలో ఉన్నది 120 వోల్టులు. ఓహో, ఇదన్నమాట అనుకుని, మొదటి అంకె చదివి రేకుని మర్చిపోయాను. తర్వాత నేను పడ్డ తంటాల్లో సగం ఆ రెండో అంకెవే.

వోల్టులు పెంచే డబ్బాని స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ అంటారని తెలుసుకుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశాం. గ్రైండర్ 150 వాట్లు కాబట్టి 300 వాట్లది సరిపోతుందని, పైగా రెండింతలు తీసుకుంటున్నామని ధైర్యం. ఖాళీ డ్రమ్ముతో బాగానే తిరిగింది. పప్పు వేసి ఆన్ చేస్తే టప్ మని ట్రాన్స్‌ఫార్మర్ వెనకున్న ఫ్యూజు పోయింది. కొత్త ఫ్యూజు వేస్తే అదీ పోయింది. అమ్మినవాళ్లకి తిరిగి పంపేద్దామా, గ్రైండర్ కాలిపోయిందా అని టెన్షన్.

అదే అపార్ట్‌మెంట్లలో కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు. మన ఎలక్ట్రిసిటీ బోర్డులో పనిచేసి రిటైరైనవారు. సాయంత్రాలు వాకింగ్‌లో కనిపించేవారు, నేను బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. ఆయనకి అక్కడ పలకరించే మనుషులు తక్కువ, మాకు కరెంటు తెలిసిన మనిషి అవసరం. అడగ్గానే చేతిలో టెస్టర్‌తో వచ్చేశారు. విమానంలో టెస్టర్ తెచ్చుకున్న మనిషిని ఆయన్నొక్కరినే చూశాను.

"చూడమ్మాయ్, బురదలో దిగబడ్డ బండిని కదపడానికి ఎడ్లు ఎంత లాగాలి? కదిలాక ఎంత లాగాలి? మోటారూ అంతే. నడిచేటప్పుడు 150 వాట్లు. లేచేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. నీ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆ ఒక్క క్షణానికే ఊపిరాడలేదు" అన్నారు. తిన్నగా 120 వోల్టులకి పెట్టినప్పుడు ఎందుకు తిరగలేదో కూడా చెప్పారు. ఇలాంటి మోటారుకి వోల్టేజీ సగమైతే తిప్పే బలం సగం కాదు, పావు అవుతుందట. పావు బలంతో రాళ్లు కదలవు. మోటారు తిరక్కుండా కరెంటు మాత్రం లాగుతూ ఉంటే ఆ కరెంటంతా వైండింగులో వేడి అవుతుంది. ఇంకో నిమిషం తోసి ఉంటే కాయిలు మాడిపోయేదే.

చిన్నదాన్ని వెనక్కి పంపి 1000 వాట్లది తెప్పించాం. డబ్బా చూస్తే టిఫిన్ బాక్సంత, ఎత్తబోతే గ్రైండర్ రాయిలా ఉంది. లోపల ఇనుప రేకుల దొంతర, దాని చుట్టూ తీగ, అంతే. ప్లగ్గు పెట్టి వదిలేస్తే ఏ పనీ చేయకపోయినా సన్నగా మూలుగుతుంది, చెయ్యి వేస్తే గోరువెచ్చగా తగులుతుంది. అంటే ఊరికే కూర్చుని కూడా కొంచెం కరెంటు తింటోందని అర్థం. పని అవగానే గోడ దగ్గరే ప్లగ్గు తీసే అలవాటు అప్పుడే అబ్బింది. ఇంకో మాట కూడా బాబాయ్ గారు చెప్పారు: ఇలాంటి చవక డబ్బాల్లో చాలావాటిలో రెండు వైపులకీ వేర్వేరు చుట్టలు ఉండవు, ఒకే చుట్ట మధ్యలోంచి తీగ లాగుతారు. కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ ఉంది కదా షాక్ కొట్టదులే అనుకోవద్దు, తడి చేత్తో ముట్టుకోవద్దు, మూడో పిన్ను విరగ్గొట్టి దూర్చొద్దు. మన ఇళ్లలో ఎర్త్ పిన్ను ఎంత మంది విరగ్గొడతారో ఆయనకి తెలుసు మరి.

ఈసారి పప్పుతో సహా లేచింది. అందరం చప్పట్లు కొట్టాం. పది నిమిషాలయ్యాక నాకే ఏదో తేడాగా అనిపించింది. శబ్దం అమ్మ ఇంట్లో విన్నదానిలా లేదు, శ్రుతి కొంచెం పైకి వెళ్లినట్టుంది. అంచుల మీదికి పిండి చింది పడుతోంది. ఇరవై నిమిషాలకి చెయ్యి పెడితే పిండి వెచ్చగా ఉంది. ఇడ్లీలకి సరిపోయింది గానీ, ఆ సంక్రాంతికి గారెలు వేద్దామని నీళ్లు తగ్గించి గట్టిగా రుబ్బితే పిండి ఇంకా వేడెక్కి, చేతికి జిగటగా అంటుకుంది. గారెలు నూనె లాగాయి. ఫోన్‌లో చెబితే అమ్మ "పప్పు పాతదేమో" అంది. పప్పు పాతది కాదు.

"రేకు మీద హెర్ట్జ్ ఎంతుంది?" అని అడిగారు బాబాయ్ గారు. 50 అన్నాను. "ఇక్కడ 60. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మార్చగలదు గానీ హెర్ట్జ్‌ని ముట్టుకోదు. అరవై లోపలికి పోతే అరవయ్యే బయటికొస్తుంది."

కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఇటూ అటూ ఊగుతుందో దాన్ని హెర్ట్జ్ అంటారు. గ్రైండర్‌లో ఉండే ఇండక్షన్ మోటారు ఆ ఊగుడుకి అడుగు కలిపి తిరుగుతుంది. నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) మోటారైతే 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 1500 చుట్లకి కొంచెం తక్కువ, 60 మీద 1800 కి కొంచెం తక్కువ. ఐదింట ఒక వంతు ఎక్కువ. వోల్టులు ఎంత సరిగ్గా ఇచ్చినా ఆ తేడా పోదు. రాళ్లు వేగంగా తిరిగితే రాపిడి ఎక్కువ, పిండి వెచ్చబడుతుంది. మోటారుకి ప్రమాదమా అంటే, హెర్ట్జ్ పెరగడం వల్ల లోపలి ఇనుముకి భారం పెరగదు, భయపడక్కర్లేదు అన్నారు. కాకపోతే డ్రమ్ము నిండా పప్పు వేయొద్దని, మూడొంతులతో ఆపమని చెప్పారు. నేను రుబ్బే నీళ్ల బదులు ఐసు నీళ్లు మొదలుపెట్టాను, టైము అరగంట నుంచి పాతిక నిమిషాలకి తగ్గించాను. ఆ తర్వాత గారెలకి ఇబ్బంది రాలేదు.

మిక్సీ విషయంలో ఈ గొడవే లేదు. మిక్సీ మోటారులో కార్బన్ బ్రష్షులుంటాయి, ఆన్ చేసినప్పుడు వెనక చిల్లుల్లోంచి సన్నగా మెరుపులు కనిపించేది అందుకే. ఆ రకం మోటారుకి హెర్ట్జ్‌తో పెద్దగా పని లేదు, వోల్టులు ఇస్తే చాలు. కానీ మా చెల్లెలు తర్వాత తెచ్చిన మిక్సీ 750 వాట్లది. 1000 వాట్ల డబ్బా మీద పచ్చళ్లకి, చట్నీలకి నడిచింది గానీ, పసుపు కొమ్ములు కొడితే డబ్బా వేడెక్కి మూలిగేది. ఒకసారి టోస్టర్, మిక్సీ ఒకేసారి పెడితే వంటింటి బ్రేకర్ ట్రిప్ అయింది. అక్కడ వంటింటి లైనుకి మామూలుగా 20 ఆంపియర్ల బ్రేకర్ ఉంటుంది. 120 వోల్టులతో లెక్కేస్తే మొత్తం 2400 వాట్లు. వోల్టులు సగమైతే అదే పనికి కరెంటు రెట్టింపు లాగాలి కదా, మనింట్లోలా అన్నీ ఒకేసారి పెడితే ఊరుకోదు.

ఇదంతా చూసి మా ఆయన ఆఫీసులో ఒకతను ఇంకో ఉపాయం చెప్పాడు. అమెరికా ఇళ్లలో బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ వెనక 240 వోల్టుల సాకెట్ ఉంటుంది, తీగ మార్చి దానికే పెట్టుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకని. వినడానికి బాగానే ఉంది. బాబాయ్ గారికి చెబితే మొదటిసారి కోప్పడటం చూశాను. అక్కడ ఇంట్లోకి వచ్చేవి రెండు లైవ్ తీగలు. ఒక్కోదానికీ న్యూట్రల్‌కీ మధ్య 120, రెండింటికీ మధ్య 240. మన గ్రైండర్ స్విచ్చి ఒక తీగనే కట్ చేస్తుంది. అంటే స్విచ్చి ఆపినా రెండో తీగలో కరెంటు మోటారు దాకా వచ్చి కూర్చునే ఉంటుంది. పైగా ఆ సాకెట్ బ్రేకర్ 30 ఆంపియర్లది. గ్రైండర్ సన్నటి తీగ మాడి మంటలొచ్చినా దానికి చీమ కుట్టినట్టుండదు. "అంతా చేసి హెర్ట్జ్ మాత్రం అరవయ్యే. ఏం బావుకున్నట్టు?" అన్నారు. ఆ ఉపాయం అక్కడితో ఆగింది.

తర్వాత తెలిసిందేంటంటే, ప్రీతి, అల్ట్రా లాంటి మన కంపెనీలే అమెరికా కోసం 110 వోల్టుల మోడళ్లు చేస్తాయి, ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి. ఎవరైనా ఇప్పుడు అడిగితే ఆ మోడలే కొనుక్కోమంటాను. ధర ఎక్కువే, కానీ ట్రాన్స్‌ఫార్మర్ ధర, దాని బరువు, దాని మూలుగు కలుపుకుంటే ఎక్కువేం కాదు. అమ్మ కొనిచ్చిందని పట్టుకెళ్లేవాళ్లకి మాత్రం ఈ లెక్కలు చెప్పి లాభం లేదు.

ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే రాడ్డు లాంటివి అసలు మొయ్యొద్దు. మా ఎదురింటి అమ్మాయి తెచ్చిన 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 120 వోల్టుల మీద 270 వాట్లే ఇచ్చింది. వేడి చేసే వస్తువుల్లో వోల్టులు సగమైతే వేడి పావుకి పడిపోతుంది. అరగంటైనా గుడ్డ మీద ముడత పోలేదు. ఫోన్ చార్జర్లు, లాప్‌టాప్‌ల మీద 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది, వాటికి పిన్ను మార్చే అడాప్టర్ ఒక్కటే చాలు.

2019 జూన్‌లో హైదరాబాద్ వచ్చేశాం. అప్పటికి నేను పెద్ద తెలివైనదాన్ననే నమ్మకం ఉంది. సామాను సర్దేటప్పుడు ప్రతిదాని రేకూ చదివాను. మైక్రోవేవ్ అక్కడే అమ్మేశాం. దానిలోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, 60 కోసం చేసింది 50 మీద నడిపితే లోపలి ఇనుము మోయలేనంత భారం పడి వేడెక్కుతుంది. అమెరికా వెళ్లేటప్పుడు భయం లేదన్న బాబాయ్ గారి మాట తిరిగొచ్చేటప్పుడు తిరగబడుతుందన్నమాట. స్టాండ్ మిక్సర్, రైస్ కుక్కర్, పిల్లాడి బొమ్మ రైలు, ఒక అలారం గడియారం తెచ్చుకున్నాం.

కోఠి దగ్గర ట్రూప్ బజార్‌కి వెళ్లి, 230 ని 115 చేసే స్టెప్ డౌన్ కావాలన్నాను. "కాపరా, అల్యూమినియమా మేడమ్?" అని అడిగాడు కొట్టతను. తేడా ఏంటంటే రెండూ నా చేతికిచ్చి ఎత్తి చూడమన్నాడు. రాగి చుట్టినది బరువు, ధరా ఎక్కువే, వేడి తక్కువ. వంటింటికి రాగిది, మంచం పక్కన గడియారానికి ఒక బుల్లిది తీసుకున్నాం. గడియారం గరాజ్ సేల్‌లో రెండు డాలర్లకి కొన్నది. దానికి వందల రూపాయల ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకని మా ఆయన అడిగారు. ఎర్ర అంకెలు బాగుంటాయని చెప్పాను.

స్కూల్ మొదటి రోజుకి ముందు రాత్రి, పదింటికి ఫోన్ చూసి గడియారం సరిచేసి, ఆరింటికి అలారం పెట్టి పడుకున్నాను. అలారం మోగింది, లేచాను, ఆరు. బయట ఎండ మాత్రం ఆరింటి ఎండలా లేదు. ఫోన్ చూస్తే ఏడూ ముప్పై ఆరు. పిల్లాడి బస్సు ఏడూ పదికే వెళ్లిపోయింది. మియాపూర్ నుంచి ఆటోలో పిల్లాణ్ని దింపి, మొదటి రోజే స్కూల్ గేటు దగ్గర చీవాట్లు తిని వచ్చాక, కూర్చుని లెక్కేశాను. ఆ రకం పాత గడియారాలకి టైము చూపించేది కరెంటే. అరవై ఊపులైతే ఒక సెకను అని లెక్కపెట్టుకుంటాయి. మన కరెంటు సెకనుకి యాభయ్యే ఊగుతుంది. గంటకి పది నిమిషాలు వెనకబడుతుంది. దాని ఎనిమిది గంటలు మన తొమ్మిది గంటల ముప్పై ఆరు నిమిషాలు. అణా పైసలతో సరిపోయింది! వోల్టులు పక్కాగా ఇచ్చాను, రెండో అంకె మళ్లీ మర్చిపోయాను.

రెండో ప్రమాదం నా వల్ల కాదు గానీ, నేను ముందే ఆలోచించాల్సింది. మన ఎక్స్‌టెన్షన్ బోర్డులకి ఏ పిన్నైనా పట్టే చిల్లులుంటాయి, అమెరికా చప్పటి పిన్నులు కూడా సుఖంగా దూరతాయి. మా అత్తయ్య గారు ఒక మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ సంగతి తెలియక రైస్ కుక్కర్‌ని తిన్నగా బోర్డుకి పెట్టారు. 500 వాట్ల కుక్కర్ మీద 230 వోల్టులు పడితే 1800 వాట్లు దాటుతుంది. అన్నం ఉడుకుతున్న చప్పుడు మామూలుకంటే చాలా ముందే వచ్చిందట, "అమెరికా కుక్కర్ భలే స్పీడే" అనుకున్నారట ఆవిడ. అంతలోనే ఫట్ మని, ప్లాస్టిక్ కాలిన వాసన. పాపం ఆవిడ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేకపోయారు. "ఫరవాలేదత్తయ్యా, నేనూ మొదట్లో గ్రైండర్‌ని ఇలాగే పెట్టాను" అని చెప్పాక కుదుటపడ్డారు. ఆ రోజే అమెరికా వస్తువుల ప్లగ్గులన్నిటికీ ఎర్ర టేపు చుట్టాను, ఆ ఎక్స్‌టెన్షన్ బోర్డుని వంటింట్లోంచి తీసేశాను.

బొమ్మ రైలు అడాప్టర్ కూడా పాతకాలపు బరువు రకం. స్టెప్ డౌన్ మీద నడిచినా అక్కడికంటే వేడెక్కేది, పావుగంట ఆడాక తీసేసేవాళ్లం. ఇక పవర్ కట్ అయ్యి ఇన్వర్టర్ మీదికి మారితే ట్రాన్స్‌ఫార్మర్ గర్ర్ మని అరిచేది. మాది చవక ఇన్వర్టర్, దాని కరెంటు నున్నగా ఊగదు, మెట్లు మెట్లుగా ఊగుతుంది. అప్పుడు స్టాండ్ మిక్సర్ ఆపేయడమే.

గ్రైండర్ కూడా మాతో వెనక్కి వచ్చింది, ఏడేళ్ల తర్వాత, అవే చీరల్లో. ఏ డబ్బా లేకుండా తిన్నగా గోడకి పెట్టి ఆన్ చేస్తే ప్రాణం ఉసూరుమంది. నీరసంగా తిరుగుతోంది, శబ్దం మందంగా ఉంది. మోటారు పోయిందనుకుని, కండెన్సర్ మార్చే మనిషి కోసం ఫోన్ చేయబోతుంటే, గుంటూరు నుంచి వచ్చి ఉన్న అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వింది.

"బాగానే ఉంది కదే. కొన్న రోజు కూడా ఇలాగే తిరిగింది" అంది.

ముప్పై రెండు నిమిషాలు పట్టింది. పిండిలో చెయ్యి పెడితే చల్లగా ఉంది.